బోర్డు ముందు నడుము

"లోపలికి పోయినంక నడుం మొత్తం వదిలెయ్ బిడ్డా. లేవమంటే లేవకు. చేతగాదను," అన్నాడు నాయిన.

రైల్లో ఎదురు సీట్లో కూర్చుని పల్లీలు ఒలుస్తూ, మిర్చికి మందు ఎప్పుడు కొట్టాలో చెప్పినంత మామూలుగా చెప్పాడు. నాకు ఒళ్ళు మండింది.

"నాయినా, అది మీ గని బోర్డు కాదు."

"బోర్డంటే బోర్డే. డాక్టర్లు కూసుంటరా లేదా? చూసి రాస్తరా లేదా? మరింకేంది?"

ఆయనతో వాదించి గెలిచినవాళ్ళు మా గల్లీలో లేరు, మా అమ్మ తప్ప. అమ్మేమో ఇంట్లో ఉండిపోయింది. నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

నేను పడవ పోటీల్లో పాల్గొంటాను. సన్నని పడవలో కూర్చుని, రెండు కొసలా ఆకుల్లాంటి పలకలున్న తెడ్డుతో నీళ్ళను వెనక్కి తోస్తూ రెండు వందల మీటర్లు పోవాలి. దివ్యాంగుల పోటీల్లో మూడు తరగతులుంటాయి. కాళ్ళతో పాటు నడుము కూడా పనిచేయనివాళ్ళు మొదటి తరగతి. నడుము కొంత పనిచేసేవాళ్ళు రెండు. కాళ్ళు కూడా కాస్త ఆడేవాళ్ళు మూడు. మొదటి తరగతిలో దేశం మొత్తానికి నేనే ఛాంపియన్ని. ఆ పేరు మీదనే క్రీడల కోటాలో ఒక ఉద్యోగానికి నా దరఖాస్తు నడుస్తోంది. ఈ ఏడు కూడా బంగారం వస్తే ఖాయమన్నారు. ఇంతలో తరగతులు మళ్ళీ పరీక్షించి తేలుస్తామని కబురొచ్చింది. రెండో తరగతిలోకి తోశారంటే నా పని అయిపోయినట్టే. అక్కడ ఉన్నవాళ్ళ ముందు నేనెంత!

ఇదంతా నాయినకు తెలుసు. అందుకే ఆ మాట చెప్పాడు. నిజానికి ఆ మాట వెనక ఇంకో కథ ఉంది. దాన్ని మా ఇంట్లో ఎవ్వరం పైకి అనం.

నాయిన బొగ్గు గనిలో ఫిల్లర్. తట్టకు బొగ్గు ఎత్తి, ఆ తట్టను మోసి పట్టాల మీది టబ్బులో పోసే పని. ఏళ్ళ తరబడి అదే పని చేసి నడుము అరిగిపోయింది. పొద్దున మంచం మీంచి లేవాలంటే గోడ పట్టుకునేవాడు. గనిలో ఒక పద్ధతి ఉంది. డాక్టర్ల బోర్డు చూసి ఇతను ఇక పనికి రాడని రాస్తే, ఆ ఉద్యోగం ఇంట్లో బిడ్డలకిస్తారు. ఆడపిల్లలకూ ఇస్తున్నారని తెలిసి అమ్మ నా పదో తరగతి సర్టిఫికెట్ ముందే తీసి పెట్టింది. గల్లీలో అందరూ నాయినకు పాఠం చెప్పారు. వంగి నడువు, అడుగడుక్కూ మూలుగు, కుర్చీ పట్టుకుని కూర్చో.

ఆ రోజు ఏమైందో ఏమో! ఇస్త్రీ చొక్కా వేసుకుని పోయిన మనిషి, ఎదురుగా చదువుకున్న డాక్టర్లు కనబడేసరికి నిటారుగా నడిచాడు. నొప్పి ఎంత ఉంది అని అడిగితే "గంతేం లేదు సార్, జరంత" అన్నాడట. సిగ్గు. అంతకు మించి ఏం లేదు. నొప్పిని నలుగురి ముందు పరచడం ఆయనకు చేతకాదు. గని పనికి ఇంకా తగినవాడేనని రాసి పంపించారు. గల్లీ అంతా ఎన్నాళ్ళో నవ్వింది.

మరుసటి ఎండాకాలం నేను మిర్చి ఏరడానికి కూలికి పోయాను. ఇంట్లో ఖాళీగా కూర్చోవడం ఇష్టం లేక పోయాను. కూలీలం ఎక్కిన ట్రాక్టర్ ట్రక్కు బోల్తా పడింది. దవాఖానాలో కళ్ళు తెరిచేసరికి నడుము కింద నాది కానట్టే ఉంది. నాయిన నా మంచం పక్కన నిలబడి గోడకేసి తల కొట్టుకున్నాడు. "నేను సక్కగ నడిచినందుకే," అన్నాడు. ఒక్కసారే అన్నాడు. మళ్ళీ ఎప్పుడూ అనలేదు. అనకపోయినా ప్రతిరోజూ ఆయన ముఖంలో అదే కనబడేది.

తర్వాత నాయిన గని పని వదిలేశాడు, అందరం అమ్మ పుట్టింటికి, గోదావరి ఒడ్డుకు వచ్చేశాం. మేనమామకు చేపల పడవ ఉంది. ఇంట్లో కూర్చుని ఏడుస్తున్నానని ఓ సాయంత్రం నన్ను అందులో కూర్చోబెట్టి తెడ్డు చేతికిచ్చాడు. పడవలో కూర్చుంటే కాళ్ళ సంగతి ఎవడికి కావాలి? నా ఒంట్లో మిగిలిన బలమంతా భుజాల్లోకి వచ్చింది. ఆ రోజు ఎంత నవ్వానో! మామ భయపడి ఒడ్డుకు తెచ్చేశాడు, పిల్లకు పిచ్చి ఎక్కిందనుకుని. భద్రాచలంలో పోటీలు పెట్టినప్పుడు ఒక కోచ్ సార్ నన్ను చూశాడు. అక్కడ మొదలైంది.

గోదావరికి వరద వచ్చి ప్రమాద హెచ్చరిక వేశారంటే నెలల తరబడి పడవ ముట్టుకోలేం. ఆ రోజుల్లో ట్రాక్టర్ టైరు ట్యూబులో గాలి నింపి దాని మీద కూర్చునేదాన్ని. పడిపోకుండా కూర్చోవడమే వ్యాయామం. మొదట్లో పక్కకు ఒరిగి దబ్బున పడేదాన్ని. మోచేతులు ఎప్పుడూ గీసుకుపోయే ఉండేవి. నేను పడటం నాయిన చూస్తే ట్యూబును కోసి పారేస్తాడని, ఆయన చాయ్‌కి బయటికి పోయాకే మొదలుపెట్టేదాన్ని. ఒక వానాకాలం, ఇంకో వానాకాలం. ఎక్కడో లోపల చచ్చిందనుకున్నది కొద్దిగా కదిలింది. వంగితే మళ్ళీ లేవగలుగుతున్నాను. నా అంతట నేను, చేతులు ఆనించకుండా! ఆ రోజు ఒంటరిగా కూర్చుని ఏడ్చాను. సంతోషంతోనే. నాయినకు మాత్రం చెప్పలేదు. ఆయన నన్ను ఎత్తినప్పుడల్లా వీపు కింద చెయ్యి పెట్టే ఎత్తేవాడు, కాబట్టి ఆయనకు తెలిసే దారి లేదు.

పరీక్ష, పోటీలు జరిగే చెరువు పక్కన ఒక గదిలో. తోడు ఒకరు ఉండొచ్చన్నారు. కోచ్ సార్ మిగతా పిల్లలతో ఉండటంతో నాయినే వచ్చాడు. లోపల ఒక డాక్టరమ్మ, ఆమె పక్కన మరొకాయన. నన్ను బల్ల మీద కూర్చోబెట్టారు. చేతులు ఛాతీ మీద కట్టుకుని ముందుకు వంగి, మళ్ళీ లేవమన్నారు.

నేను కదలకముందే నాయిన తన గని హిందీలో అందుకున్నాడు, పాపం దాని నడుం లేవదు మేడమ్, ఎంత ఎత్తినా లేవదు అని. పైగా ముఖం దీనంగా పెట్టాడు. ఆ మూలుగులు, ఆ వంగడం, ఏనాడో తన కోసం గల్లీ నేర్పిన పాఠమంతా నా కోసం అక్కడ ఒప్పజెప్పాడు. తన కోసం చేయలేకపోయిన మనిషి!

డాక్టరమ్మ ఆయన వైపు చూసి, అమ్మాయిని చెప్పనివ్వండి అంది. గదిలో అందరూ నా కోసం ఆగారు.

అబద్ధం చెబితే పట్టేస్తారన్న భయం ఉంది. కాదనను. పట్టుబడితే పోటీల్లోంచి వెళ్ళగొడతారు. కానీ ఆ క్షణంలో నన్ను ఆపింది ఆ భయం కాదు. ఒరిగిపోయి అలాగే పడి ఉంటే ఉద్యోగం వస్తుంది, అమ్మ నిశ్చింతగా నిద్రపోతుంది, నాయిన గుండె మీది బరువు దిగుతుంది. అన్నీ తెలుసు. తెలిసి కూడా, నేను సంపాదించుకున్న ఆ కాస్త కదలికను లేదని అనలేకపోయాను. అది నాది. ఎవరూ ఇచ్చింది కాదు.

ముందుకు వంగాను. లేచాను. పక్కకు వంగమన్నారు, వంగి లేచాను. ఒళ్ళంతా వణికింది గానీ లేచాను. నాయిన వైపు చూడటానికి ధైర్యం చాల్లేదు.

తర్వాత చెరువులో పడవ నడిపించి కూడా చూశారు. సాయంత్రానికి చెప్పారు, రెండో తరగతి అని.

వరండాలో నాయిన నా కుర్చీ పక్కన గొంతుకూర్చున్నాడు. తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూనే ఉన్నాడు. తిడతాడనుకున్నాను.

"ఎప్పటిసంది లేస్తున్నవ్ గట్ల?"

"పోయిన వానాకాలం నుంచి."

"నాకు చెప్పకపోతివి."

"నువ్వు ట్యూబు కోసేస్తావని."

"కోసేసేటోణ్ణే," అన్నాడు. తువ్వాలు భుజాన వేసుకున్నాడు. "ఇగ నౌకరి రాదు గదా బిడ్డా."

"రాదేమో."

ఆయన తల ఊపి, గోడ పట్టుకుని లేచి, నా కుర్చీ తోశాడు.

పోటీలో అయిదోదాన్నిగా వచ్చాను. ముందు పోయిన నలుగురి వీపులూ చూస్తూ పడవ నడపడం అదే మొదటిసారి. ఏడవలేదని చెప్పను. రాత్రంతా దుప్పటి ముసుగేసుకుని ఏడ్చాను. ఉద్యోగం దరఖాస్తు ఎక్కడిదక్కడే ఆగిపోయింది.

ఊరికి తిరిగొచ్చాక, బస్టాండు దగ్గర చాయ్ తాగుతుంటే నాయినతో గనిలో పనిచేసిన ఒకాయన ఎదురయ్యాడు. జరిగిందంతా అప్పటికే విన్నట్టున్నాడు.

"బోర్డు ముందు నడుం లేపిందట గద నీ బిడ్డ! అచ్చం నీ లెక్కనే!" అని నవ్వాడు.

ఇన్నేళ్ళూ ఈ మాట వినబడితే నాయిన లేచి వెళ్ళిపోయేవాడు. నేను చాయ్ గ్లాసు కింద పెట్టేశాను.

నాయిన మాత్రం కదల్లేదు. నా భుజం మీద చెయ్యి వేశాడు.

"అవ్," అన్నాడు. "అచ్చం నా లెక్కనే."