తొట్టికి వేసిన తొడుగు

చేపల మార్కెట్లో అతణ్ణి అందరూ ఇంజనీరనే పిలిచేవారు. చదువు చూస్తే అంతంతమాత్రం. ఐస్‌లో పెట్టిన చేపల పెట్టెలు మోసే చిన్న ట్రక్కు ఒకటి ఉండేది. దాని వెనక తొట్టిలో ఐస్ కరిగిన ఉప్పునీళ్లు నిలిచి కంపు కొడుతున్నాయని ఓ రోజు డ్రిల్లు తెచ్చి అడుగున వరసగా బెజ్జాలు కొట్టేశాడు. నీళ్లు చక్కా కారిపోయాయి. ఇంకేముంది! "బుర్రంటే నీది బుర్రరా నాయనా" అంటూ మార్కెట్లో సగంమంది తమ బండ్లకీ అతని చేతే కొట్టించుకున్నారు. ఆ పేరు అలా వచ్చింది. అప్పట్నుంచీ మనవాడు నేలమీద నడిస్తే ఒట్టు.

ఆ నీళ్లు నేలమీదికే పోతున్నాయా, తొట్టి కింద బోలుగా ఉండే ఇనుప దూలాల్లోకి పోతున్నాయా అని ఒక్క మహానుభావుడైనా వంగి చూస్తేగా! కొన్నేళ్లకి ఇంజనీరే చూశాడు. వేలితో నొక్కితే దూలం పెచ్చులు పెచ్చులుగా రాలింది. బెజ్జాలు అరచేతులంత అయ్యాయి. బరువేస్తే ఏదో ఒకరోజు తొట్టి కూలడం ఖాయం. బండి వదిలించుకుందామనుకున్నాడు.

సరిగ్గా అప్పుడే తోడల్లుడు వచ్చాడు. అతనిది మొక్కల వ్యాపారం. కుండీలూ మట్టి బస్తాలూ మోయాలి.

"అన్నయ్యా, బండి అమ్మేస్తున్నావటగా! బయటివాళ్లకెందుకు, నాకియ్యి. నువ్వు వాడిన బండంటే కళ్లు మూసుకుని తీసుకుంటా."

వద్దు తమ్ముడూ, కింద కుళ్లిపోయింది అని అక్కడే చెప్పేస్తే పోయేది. కానీ చెబితే ఊరుకుంటుందా ఆ మాట? మార్కెట్‌కి చేరుతుంది. ఇంజనీరు బెజ్జాలు ఇంజనీరు బండినే తినేశాయని నవ్వుతారు. కొట్టించుకున్నవాళ్లంతా మీదికొస్తారు. పరువు పోతుంది. అందుకని తలూపాడు. "అడుగు బాగుచేయించే ఇస్తున్నాలే" అని భార్యతో కూడా అనేశాడు. చెల్లెలి ఇంటికే వెళ్తోంది కదా అని ఆవిడ సంతోషపడింది.

తొట్టి మీద పట్టా కప్పుకుని బండి తొడుగులమ్మే కొట్టుకి వెళ్లాడు.

"రబ్బరు షీటు తీసుకోండి" అన్నాడు కొట్టాయన. "చేపల బండికి అదే మేలు. సాయంత్రం లేపి కడుక్కోవచ్చు."

"లేపేది వద్దు."

"పోనీ పూత కొట్టిస్తారా? ఇనుముకి అతుక్కుపోతుంది. కాకపోతే ముందు తుప్పు గీకాలి. ఆ పట్టా ఓసారి తీయండి, అడుగు చూస్తాను."

"చూసేదేంటి? నేనేమన్నా దొంగబండి తెచ్చానా?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నాడట వెనకటికొకడు. ఇక్కడ ఆ మాట కూడా ఎవరూ అనలేదు, మనవాడే ముందు తడుముకున్నాడు. అనేశాక తెలిసింది.

"ఎవరూ విప్పి చూడక్కర్లేనిది ఏదుంటే అదివ్వండి" అన్నాడు గొంతు తగ్గించి.

కొట్టాయన అతని ముఖంలోకి ఓసారి చూసి, ఇంకేమీ అడక్కుండా నల్లటి ప్లాస్టిక్ తొడుగు తెచ్చాడు. తొట్టి ఆకారంలోనే పోతపోసింది, అంచుల్లో బోల్టులు బిగిస్తే సరి. ఇంటికి తెచ్చి గోడ చాటున తనే బిగించుకున్నాడు. బండి నిగనిగలాడింది. దానివైపు చూడబుద్ధి కాలేదు.

బండిని తోడల్లుడి ఇంటికి తోలుకెళ్తే, అతను తొడుగు మీద చెయ్యి వేసి పొంగిపోయాడు. "అమ్మేసే బండికి కొత్త తొడుగా! సొంత అన్నైనా చేస్తాడా ఇలాగ?" అంటూ మొక్కలకి నీళ్లు పోస్తున్న పనివాళ్లందర్నీ పిలిచి చూపించాడు. ఇంజనీరు తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు.

ఇంజన్ ఆయిల్ మార్చడానికి వచ్చిన మెకానిక్ పెద్దవయసు మనిషి. బానెట్ మూసి, "అంతా బానే ఉంది బాబూ. చేపల బండి కదా, ఆ తొడుగు విప్పి కింద కూడా ఓసారి చూస్తే మంచిది" అన్నాడు.

"ఏమయ్యా, మా అన్నయ్య బండి విప్పి చూడ్డమా? ఆయన ముందే ఆ మాటంటావా? బుద్ధుందా నీకు?" తోడల్లుడు కేకలేశాడు. పనివాళ్లు చేతుల్లో పని ఆపి చూశారు.

మెకానిక్ ముఖం చిన్నబోయింది. చేతులు తుడుచుకుని ఇంజనీరు దగ్గరికి వచ్చాడు. "తప్పయిందండీ. అందరితో అన్నట్టే అనేశాను. ఏమనుకోకండి."

ఇంజనీరుకి తల కొట్టేసినట్టయింది. తండ్రి వయసువాడు, చెప్పిందేమో నిజం, మన్నించమంటోందేమో తనని! ఇక నిలవలేకపోయాడు. మెకానిక్ సంచిలోంచి స్పానర్ తీసుకుని ఒక్కొక్క బోల్టూ విప్పాడు, తొడుగు పైకెత్తాడు. తొట్టి అడుగులోంచి కింద మట్టి కనిపించింది.

తోడల్లుడు మెకానిక్ చేతులు పట్టుకుని "నాదే పొరపాటు" అని పంపేశాడు. తర్వాత ఇంజనీరు వైపు చూడకుండానే, "భోజనానికి రా అన్నయ్యా, మీ మరదలు వడ్డించేసింది" అన్నాడు. నాలుగు తిట్టినా బాగుండేది.

లోపల మరదలికి ఏమీ తెలీదు. వద్దంటున్నా కూర వేసింది. "బావగారూ, పొద్దున అక్క ఫోన్ చేసింది. కిందంతా కొత్త ఇనుము వేయించి మరీ ఇస్తున్నాడే మీ బావ అని ఎంత మురిసిపోయిందో!"

తోడల్లుడు తలొంచుకుని తింటున్నాడు. భార్యకి చెప్పడు, ఆ సంగతి తెలుస్తూనే ఉంది. అదే ఇంజనీరు మరీ భరించలేకపోయాడు.

"కొత్త ఇనుమూ లేదు, ఏమీ లేదమ్మా. కింద కుళ్లిపోయింది. కనపడకుండా తొడుగు వేసి మీకు అంటగట్టబోయాను."

ఆ అమ్మాయి గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "అక్కకి తెలుసా?" అంది.

"తెలీదు."

ఆమె నంబరు నొక్కి ఫోన్ అతని ఎడమచేతిలో పెట్టింది.

"ఏమండీ, నచ్చిందా వాళ్లకి?" భార్య గొంతు హుషారుగా పలికింది.

ఎంగిలి చేత్తో, ఆ ఇద్దరి ముందూ కూర్చుని, మొదట్నుంచీ మొత్తం చెప్పాడు.

"ఫోన్ చెల్లికివ్వండి" అంది భార్య. "క్షమించమని నేనడుగుతాను."