ఆరిన కొవ్వొత్తి, పిలార్ ఇంటి ఎర్ర వైన్

తొంభైల మొదట్లో పరాయి దేశంలో, వెర్రిబీ అనే ఊళ్లో మా తెలుగు క్రైస్తవ సహవాసం ఒక గరాజ్‌లో కూడుకునేది. ఈస్టర్ నాటి ప్రభు బల్లకు, అంటే రొట్టె, వైన్ పంచుకునే ఆరాధనకు, షాపు సీసా వద్దని రత్నం ఆంటీ పట్టుబట్టారు. ఆవిడది ఒంగోలు. ప్రార్థన చేయనిదే కారు కదలనివ్వరు. గీలాంగ్ పట్టణం అవతల ఒక స్పెయిన్ కుటుంబం సొంత తోటలో ఎర్ర వైన్ చేస్తుందని విని, శనివారం పొద్దున ఇద్దరం బయల్దేరాం.

గంటన్నర దారి. గీలాంగ్‌లోనే పెట్రోల్ పోయించుకోవడం మేలు, ఆ పైన బంకులు కనబడలేదు. చివర కంకర రోడ్డు. పదకొండింటికి చేరాం. ద్రాక్ష కోతల కాలమైనా తోటలో మనిషి అలికిడి లేదు. నల్లబట్టల్లో ఉన్న యజమానురాలు పిలార్ సీసా ఆరు డాలర్లని చెప్పి, రుచి చూశాకే కొనమని నేలమాళిగలోకి తీసుకెళ్లింది.

మెట్టు మెట్టుకీ కొవ్వొత్తి వెలుగుతోంది. కింద తొట్లలో రసం పులుస్తుంటే గోడ అవతల ఎవరో గొణుగుతున్నట్టుంది. తన భర్త ఆ అడుగునే చనిపోయాడని, అంతదాకా దిగవద్దని చెప్పి, పిలార్ మెట్ల మధ్య చప్టా మీదున్న పీపా వైపు తిరిగింది. అంతలో గాలి లేకుండానే అట్టడుగు కొవ్వొత్తి మంట కుంచించుకుపోయి ఆరిపోయింది.

“వన్ మినిట్ అమ్మా, మనిషి పోయిన చోట క్యాండిల్ ఆరిపోతే ఎట్టా?” అంటూ, నేను ఆపేలోగా ఆంటీ దిగి మోకాళ్లూనారు. గీసిన అగ్గిపుల్ల ఆరింది. ఇంకోటీ ఆరింది. అగ్గిపెట్టె చేతిలోంచి జారింది. పిలిస్తే పలకలేదు. తల గోడకు వాలిపోయింది.

పిలార్ గ్లాసు వదిలేసి, ఊపిరి బిగబట్టమని నాకు సైగ చేసి దూకింది. చెరో రెక్కా పట్టుకుని ఆంటీని పైకి ఈడ్చుకొచ్చాం. నా జన్మలో అంత భయపడింది లేదు. బయట ఎండలో ఆంటీ కళ్లు తెరిచాక, పులిసే రసం నుంచి వచ్చే వాయువు బరువుగా కిందే పేరుకుంటుందని, కొవ్వొత్తి ఆరిన చోట మనిషికీ ఊపిరి ఆడదని పిలార్ చెప్పింది.

“అవి ఆయన కోసం పెట్టినవి కావు, మన కోసం. మా ఆయన కింద పడ్డ టోపీ కోసం వంగాడు. అంతే” అంది.

కొని తెచ్చుకున్న వైన్ వగరుగా, చిక్కగా, బాగుంది. ఈస్టర్ నాడు అందరం మోకాళ్లూని దాన్ని అందుకున్నాం. ఆంటీ ఒక్కరే నిలబడి అందుకున్నారు. చర్చిలో కొవ్వొత్తి రెపరెపలాడితే ఇప్పటికీ నా కళ్లు ముందు ఆవిడ మీదికే పోతాయి.

కోతల కాలంలో ఇలాంటి పాత నేలమాళిగలు చూడబోయేవారికి ఒక్క మాట. ఇంటివాళ్లు ముందు నడవనిదే దిగకండి. కొవ్వొత్తి ఆరితే వెలిగించబోకండి, వెనక్కి వచ్చేయండి.