దుబాసీ గారి ‘నేను’

మా కోర్టులో తెలుగు మాటను ఫ్రెంచిలోకి మార్చి చెప్పే దుబాసీ గారు మొన్న తెల్లవారుజామున మూలకుళంలోని తమ ఇంట్లో కన్నుమూశారు. కబురు వినగానే ముందుగా ఆయన గొంతే గుర్తొచ్చింది. పుదుచ్చేరిలో ఎంతమంది దొంగలూ, తాగుబోతులూ, దగాపడ్డ విధవలూ ఫ్రెంచి జడ్జీల ముందు ఆ ఒక్క గొంతుతోనే మాట్లాడారో!

నేను అక్కడ నకళ్లు రాసే గుమాస్తాని. ఆయన పద్ధతి మొదటిసారి చూసినప్పుడు నాకు నవ్వొచ్చింది. ముద్దాయి కోడిని దొంగిలించానంటే, మిగతా దుబాసీలు “దొంగిలించాడట” అని చెప్పి ఊరుకునేవారు. ఈయన మాత్రం లేచి నిలబడి, కండువా సర్దుకుని, “నేను కోడిని దొంగిలించాను” అనేవారు ఫ్రెంచిలో. ఓడ దిగి వారం కూడా కాని ఒక జడ్జి బిత్తరపోయి, ఈయన్నీ బోనులో నిలబెట్టమన్నాడు. కోర్టంతా పగలబడి నవ్వింది. ఆ నవ్వు ఎందుకో కూడా ఆయన ముద్దాయికి విడమరిచి చెప్పారు.

“నోరు నాదే నాయనా, మాట వాడిది. దాన్ని దిద్దే హక్కు నాకు యాడుంది?” అనేవారు నాతో.

ఆ పద్ధతి ఎంత బరువైందో ఆయన బావమరిది కేసులో చూశాను. అతను నెల్లూరు వైపు నుంచి వచ్చి రేవులో మూటలు మోసేవాడు, తెలుగు తప్ప మరో ముక్క రాదు. గొడవలో మేస్త్రీ తల పగలగొట్టాడు. దుబాసీ గారు చుట్టరికం ముందే చెప్పి తప్పుకోబోయారు. మిగతా దుబాసీలకు అరవమే గాని తెలుగు రాదు. ఇద్దరు వకీళ్లూ ఒప్పుకోవడంతో జడ్జి ఆయన్నే కానివ్వమన్నాడు.

ముందు ఎవరు కొట్టారన్నదే ప్రశ్న. మేస్త్రీయే ముందు చెయ్యి చేసుకున్నాడని తేలితే శిక్ష తప్పుతుంది. ఆ గదిలో తెలుగు తెలిసింది మా ముగ్గురికే. ఆయన మాట మార్చినా నేను నోరు విప్పకూడదనుకున్నాను.

“ఆయన నన్ను ముట్టలేదు. తిట్టినాడు. నేనే ముందు కొట్టినా,” అన్నాడు బావమరిది.

దుబాసీ గారు లేచారు. “ఆయన నన్ను ముట్టలేదు. తిట్టాడు. నేనే ముందు కొట్టాను.” ఒక్క అక్షరం పొల్లు పోలేదు.

జడ్జి మాటలకూ అదే పద్ధతి కదా. తీర్పు వచ్చాక భార్య తమ్ముడి కళ్లలోకి చూస్తూ, “నీకు ఏడాది ఖైదు వేస్తున్నాను” అన్నారు.

“సరే బావా,” అన్నాడు అతను.

దుబాసీ గారు జడ్జి వైపు తిరిగి ఆ ‘సరే బావా’ను కూడా ఫ్రెంచిలో చెప్పారు. ఎవరూ నవ్వలేదు. జడ్జి కలం కిందపెట్టి ఆయన వైపు చూశాడు.

ఆ సాయంత్రం ఇంటిదాకా నేనే తోడు వెళ్లాను. గడపలోనే ఆయన భార్య నిలదీసింది.

“ఒక్క మాట మార్చి చెప్పుంటే మీ సొమ్మేం పోయేది? వాడు నా తోడబుట్టినోడు!”

ఆయన చెప్పులు విడిచి, కండువా దండెం మీద వేసి లోపలికి నడిచారు. ఆమె చాలా రోజులు ఆయనతో మాట్లాడలేదు. వీధిలోవాళ్లు ఆయన గుండె రాయన్నారు. చట్టాలు ఓడల్లో వస్తాయి, జడ్జీలు వస్తారు, పోతారు. ఇక్కడి మనిషి మాట ఉన్నదున్నట్టు వాళ్ల చెవిన పడాలంటే ఇలాంటివాడొకడు ఉండాలి. ఆయన ఉండగా నేను ఆ కోర్టులో పనిచేశాను, అది నా అదృష్టం.

మొన్న పాడె ఎత్తేటప్పుడు ముందుకొచ్చి భుజం పెట్టింది ఆ బావమరిదే. జుట్టు బాగా నెరిసింది. దారిలో ఎంతమంది భుజం మార్చుకుంటామని వచ్చినా తల అడ్డంగా ఊపాడు. శ్మశానం దాకా ఎవరికీ ఇవ్వకుండా తనే మోసుకుపోయాడు.