నారాయణపేటలో శాంతవ్వ పేరు రాయించిన రోజు

పోయిన ఏడాది ఒక దుకాణంలో నారాయణపేట చీర అని చెప్పి నాకు మిల్లు చీర అంటగట్టారు. రెండు ఉతుకులకే అంచు ముడుచుకుపోయింది. ఆ ఉక్రోషం చల్లారక, ఈసారి నేసినవాళ్ల ఇంటికే వెళ్లి కొంటానని బయల్దేరాను. మల్లేశప్ప అనే నేతగాడి ఇంటి గుర్తులు నా స్నేహితురాలు చెప్పింది. పొద్దున ఆరింటికి హైదరాబాద్‌లో ఎక్స్‌ప్రెస్ బస్సు ఎక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు జీరో టికెట్ కాబట్టి పర్సు తియ్యాల్సిన పని పడలేదు. ఎనిమిదిన్నరకు మహబూబ్‌నగర్‌లో దిగి, బస్టాండు బయట నలభై రూపాయల ఇడ్లీ తిని, తొమ్మిదింటి బస్సు పట్టుకుంటే పదకొండు కాకముందే నారాయణపేట చేరాను.

అంజయ్య అనే ఆటో అతను యాభై రూపాయలకు ఆ వీధికి తీసుకెళ్లాడు. తీరా చూస్తే ఇంటికి తాళం! నా ప్రాణం ఉసూరుమంది. అంజయ్యే పక్కింట్లో అడిగి వచ్చాడు.

“మల్లేశప్ప వాళ్ల వదినెను తీస్కొని ఫంక్షన్ హాలుకు పోయిండంటమ్మా. ఆడ నేతోళ్ల పేర్లు రాస్తుండ్రు. గియ్యాల్నే ఆఖరు. ఆడికే పోదమా? ఇంకో ఇరవై ఇయ్యుండ్రి.”

దారిలో ఆ వదిన సంగతి అతనే చెప్పాడు. పేరు శాంతవ్వ. ముప్పై ఏళ్ల కింద కర్ణాటకలోని యాద్‌గిర్ వైపు నుంచి కోడలై వచ్చింది. వీళ్ల ఇళ్లలో మాట్లాడేది కన్నడమే. బజారు, బ్యాంకు, ఆఫీసు పనులన్నీ భర్త చూసుకునేవాడు కాబట్టి ఆమెకు తెలుగుతో పనే పడలేదు. భర్త పోయిన ఏడాది చనిపోయాడు. నేత కార్మికుల కార్డు ఆయన పేరు మీదే ఉండేది. ఇప్పుడు జాబితాలో ఆమె పేరు ఎక్కితేనే ఆమెకంటూ ఒక కార్డు, బీమా ఉంటాయి. “లేకుంటే ఇగ మరిది మీద పడి తినుడే అంటదమ్మా ఆమె. గదే రంది,” అన్నాడు అంజయ్య.

హాలు కిటకిటలాడుతోంది. ఫ్యాన్లు తిరుగుతున్నా చెమటలే. మల్లేశప్ప, శాంతవ్వ అప్పటికే గుమస్తా బల్ల ముందు నిలబడి ఉన్నారని అంజయ్య చూపించాడు.

“నేస్తదా, నెయ్యదా? ఒక్క ముక్క చెప్పు,” అంటున్నాడు గుమస్తా.

మల్లేశప్ప ఆమెను కన్నడంలో అడిగాడు. ఆమె కొంగు సర్దుకుని తల అడ్డంగా ఊపింది. “నేయంగిల్లరి,” అంది. నేయనండీ అని.

“నెయ్యదు సార్. మా అన్న నేసెటోడు. వదినె ఇంట్లనే ఉంటది,” అని మల్లేశప్ప చేతులు కట్టుకుని అప్పజెప్పాడు. అంత నిజాయితీ చూస్తే నాకు ఒళ్లు మండింది. మగ్గం ఉన్న ఇంట్లో ఆడమనిషి ఊరికే కూర్చుంటుందా? గుమస్తా దరఖాస్తు మీద ఆమె పేరు కొట్టెయ్యడానికి పెన్ను ఎత్తాడు.

“ఒక్క నిమిషం ఆగండి సార్!” అనేశాను. నా నోరు ఊరుకోదు కదా.

“మీరెవరమ్మా?”

“చీర కొనడానికి వచ్చానండి.”

హాలంతా ఒక్కసారి గొల్లుమంది. నవ్వితే నవ్వారు, నాకేం! మా ఆయన ఉద్యోగం పుణ్యమా అని ఆరేళ్లు రాయచూరులో ఉన్నాను. నా కన్నడం కూరగాయలవాళ్ల దగ్గర నేర్చుకున్నది, బేరాలకూ తగాదాలకూ బాగా పనికొస్తుంది. ఆ కన్నడంలోనే శాంతవ్వను అడిగాను, పొద్దున లేచిన దగ్గర్నుంచి ఏమేం పని చేస్తావమ్మా అని.

ఆమె మరిది వైపు చూసింది, తర్వాత నా వైపు. ఇక మొదలుపెట్టింది చూడండి! నూలు నానబెట్టి ఆరేయడం, రాట్నం మీద కండెలు చుట్టడం, నిలువు పోగుల పడుగు తోడడం, తెగిన పోగులు ఒక్కొక్కటీ వెతికి అతకడం. ఆమె చెప్పే వేగానికి తెలుగులో చెప్పలేక నాకు ఆయాసం వచ్చింది.

గుమస్తా నోరు తెరిచాడు. “గియ్యన్ని జేస్తదా? మరి నెయ్యనంటదేంది?”

అదే అడిగాను. నేయడమంటే మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కూర్చోవడం అంది శాంతవ్వ. ఆ గుంటలోకి తను ఏనాడూ దిగలేదు. వాళ్ల ఇళ్లలో అది మగవాళ్ల చోటు. నేస్తానంటే సర్కారు ముందు అబద్ధమాడినట్టు కాదా అని నన్నే ఎదురడిగింది.

మల్లేశప్ప మొహం చిన్నబోయింది. “వదినె కండెలు సుట్టకుంటె నా మగ్గం నడ్వదు సార్. నాకది యాదికే రాలె,” అన్నాడు.

“మగ్గానికి ముందు పనికి వేరే గడి ఉన్నదయ్యా! జర ముందుగాల చెప్పొద్దా?” అని విసుక్కుంటూనే గుమస్తా కాగితం తిప్పి రాశాడు. మీరు అడిగితే కదా అనబోయి, పని చెడుతుందని మింగేశాను. శాంతవ్వ వేలిముద్ర వేయబోయింది. తనకు కన్నడమే రాయడం వచ్చని, ఇక్కడ అది చెల్లదనుకుందట.

“ఏ భాషల పెట్టినా సంతకమే అవ్వా,” అన్నాడు గుమస్తా. ఆమె ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ కన్నడంలో సంతకం పెట్టింది. గుమస్తా ఇచ్చిన రశీదు నా చేతికిచ్చి, అందులో తెలుగులో రాసిన తన పేరు చదవమంది. చదివాను. మళ్లీ చదవమంది. ఈసారి కళ్లనీళ్లతో నవ్వింది, నాకూ గుండె తేలికపడింది.

ఇంటికి తీసుకెళ్లి జొన్న రొట్టె పెట్టారు. రెండు వేల ఎనిమిది వందలకు ముదురు ఆకుపచ్చ చీర తీసుకుని నాలుగింటి బస్సెక్కాను.

దారంతా అదే ఆలోచన. ఆమెకు ఎవరూ చెడు తలపెట్టలేదు. గుమస్తా అడిగాడు, మరిది తెలిసింది చెప్పాడు. అయినా ఆమె పేరు పోబోయింది. రాయచూరు ఆసుపత్రిలో నేను నొప్పితో మెలికలు తిరిగిపోతుంటే మా ఆయన డాక్టరుకు కన్నడంలో “కొంచెం నొప్పట” అని చెప్పిన రోజు గుర్తొచ్చింది. ఆ పూటే కన్నడం నేర్చుకుని తీరాలనుకున్నాను. అది ఇన్నేళ్లకు ఇంకొకామెకు పనికొచ్చింది, నాకంతకన్నా ఏం కావాలి!

వెళ్లేవాళ్లకు ఒక్క మాట. నేతగాళ్ల ఇంట్లో చీర కొనేటప్పుడు, ఎవరు నేశారని అడిగి ఊరుకోకండి. దీనికి ఎవరెవరు పనిచేశారని అడగండి. లోపలి నుంచి ఆ ఇంటి ఆడమనిషి కూడా వచ్చి కూర్చున్నాకే బేరం మొదలుపెట్టండి.