గడప మీది గుడ్డ బొమ్మలు

బేతంచెర్లలో టీచరుగా చేరిన రెండో వేసవిలో, మా వీధి గడపల మీద బొమ్మలు కనపడటం మొదలైంది.

అప్పట్లో నేను ఒక అవ్వ ఇంట్లో ముందుగది అద్దెకు తీసుకుని ఉండేదాన్ని. ఆమెకు డెబ్బై దాటాయి, నా అనేవాళ్లు లేరు. పెరటినిండా వావిలి, నేలవేము, ఇంకా నాకు పేర్లు తెలియని మొక్కలు. పసిపిల్లలు దడుచుకుంటే దారం కట్టేది, కామెర్లకు పసరు పోసేది, ఉప్పూ మిరపకాయలతో దిష్టి తీసేది. ఆడవాళ్లు పెరటి తలుపు నుంచి వచ్చి, ఆ తలుపు నుంచే వెళ్లిపోయేవారు. వీధిలో ఎదురుపడితే మాత్రం చూపు తిప్పుకునేవారు. ఆమె అవసరం అందరికీ ఉండేది, ఆమె అంటే భయమూ అందరికీ ఉండేది.

మొదటి బొమ్మ బండలు కోసే మిషను మీద పనిచేసే ఒకాయన ఇంటి ముందు దొరికింది. జానెడు పొడవు. పసుపు పూసిన తెల్లగుడ్డ, మెడకు నల్లదారం, కళ్లకు రెండు మిరియాలు. నోరు లేదు. ఆయన భార్య మధ్యాహ్నం కునుకు తీసి లేచి తలుపు తెరిచి, దాన్ని చూసి పెట్టిన కేక మా ఇంటిదాకా వినిపించింది. తర్వాతి మంగళవారం రెండోది, ఆ పై మంగళవారం మూడోది. అన్నీ మిట్టమధ్యాహ్నమే.

మా వీధిలో మగవాళ్లు సగం మంది బండల పాలిష్ ఫ్యాక్టరీల్లోనే పనిచేసేవారు. రాతిపొడి ఆకుల మీద, దండెం మీద బట్టల మీద పేరుకునేది, చివరికి తాగే నీళ్ల మీద కూడా తేలేది. ఒంటిపూట బడి రోజులు. రెండు గంటలకు వీధిలోకి చూస్తే కుక్క కూడా కనపడేది కాదు. ఎండకు తెల్లపొడి మెరిసి కళ్లు నొప్పిపెట్టేవి. దూరంగా మిషన్లు రాతిని కోస్తున్న సన్నటి కూత ఒక్కటే వినపడేది. అలాంటి వేళ ఎవరో బొమ్మ పట్టుకుని ఈ వీధిలో నడుస్తున్నారన్న ఆలోచనకే నా వీపు చల్లబడేది.

మూడో బొమ్మ తర్వాత అవ్వ తలుపు మీద రాళ్లు పడ్డాయి. ఆమె వాటిని ఏరి, పెరట్లో మొక్కల పాదుల చుట్టూ పేర్చుకుంది.

"ఎవరు చేస్తున్నారవ్వా ఇది?" అని అడిగాను.

"ఎవురైతే నీకేంటికి పాపా? అన్నం తిను పో."

ఎదురింట్లో రైల్వే స్టేషనులో గుమాస్తా ఒకాయన ఒంటరిగా ఉండేవాడు. రాజంపేట వైపు మనిషి. అప్పటిదాకా మా మధ్య నమస్కారం తప్ప మాటలు లేవు. మరునాడు బడి వదిలే వేళకు గేటు దగ్గర నిలబడి ఉన్నాడు.

"మేడం, ఇట్లే వదిలేస్తే అవ్వను కొట్టేదాకా వస్తాది. ఎవురో మనమే కనుక్కుందాం," అన్నాడు. చేతిలో ప్లాస్టిక్ సంచి. ఇంటివాళ్లు ముట్టుకోడానికి భయపడి కాలవలోకి తోసిన మూడో బొమ్మను కర్రతో తీసి దాచాడట.

బడి వరండాలో పాత పేపరు పరిచి బొమ్మను విప్పాం. లోపల రాతిపొడి. అక్కడక్కడా తడిసి ఎండినట్టు గడ్డకట్టి ఉంది. ఆ గడ్డల్లో ఒకటి రెండు గోధుమరంగువి. అవేమిటో ఆయనకు అర్థం కాలేదు. ఎండిన నెత్తురని నాకు అర్థమైంది కానీ చెప్పలేదు. మెడకు కట్టిన నల్లదారాన్ని వేళ్ల మధ్య లాగుతుంటే ఒకచోట చేయి ఆగిపోయింది. అక్కడ దారం తెగింది. మళ్లీ కలిపారు. ముడి మాత్రం లేదు.

నేను కడప జిల్లాలో నేతపని చేసే ఇంట పుట్టినదాన్ని. తెగిన పోగును మేం ముడి వేయం. వేళ్లకు చిటికెడు బూడిద అద్దుకుని, రెండు కొసలూ కలిపి నులుముతాం. అతుకు కంటికి కనపడదు, వేలికి మాత్రమే తెలుస్తుంది. ఆ వీధిలో ఆ పని తెలిసినదాన్ని నేనొక్కదాన్నే అనుకునేదాన్ని. కాసేపు నా చేతులను చూసి నేనే భయపడ్డాను.

ఆ వారమంతా ఆడవాళ్ల వేళ్లే గమనించాను. బొరుగుల బండి దగ్గర, కొళాయి దగ్గర, పూలు కట్టేచోట. చివరికి మా బడిలోనే దొరికింది. మధ్యాహ్న భోజనం వండే ఆమె బియ్యం సంచి కుట్టుకుంటోంది. దారం తెగింది. పొయ్యిలోకి చూపుడువేలు పెట్టి బూడిద అద్దుకుంది. రెండు కొసలూ నులిమింది. మళ్లీ కుట్టుకోసాగింది. ఆమె రోజూ నా కంచంలో ఒక గరిటె పప్పు ఎక్కువ వేసే మనిషి. నెమ్మదస్తురాలు. ఆమె ఇల్లు మా వీధి చివర. భర్త మిషను పని మానేసి ఏడాదైంది, బయటికి వచ్చేవాడు కాదు.

అనుమానం ఎదురింటాయనకు చెప్పాను. కానీ కళ్లతో చూడనిదే నిందవేయకూడదు అనుకున్నాం. తర్వాతి మంగళవారం ఆయన సెలవు పెట్టాడు. తన కిటికీ సందులోంచి ఆయన, నా కిటికీ సందులోంచి నేను. మధ్యలో వీధి. ఫోను మోగకుండా పెట్టుకుని వాట్సాప్‌లో మాట్లాడుకున్నాం.

"మేడం, ఫ్యాన్ వేసుకోండి. చప్పుడు బయటికి రాదులే."

"మీరు భోజనం చేశారా?"

"భయానికి ఆకలి పుట్టల్యా."

నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు ముఖం మీద ఉండగానే వంటామె కనపడింది. చెప్పులు లేవు. కాలుతున్న బండల మీద నిదానంగా, ఎండ తెలియనట్టు నడుస్తోంది. జుట్టు విప్పుకుని ఉంది. పెదవులు కదులుతున్నాయి, మాట లేదు. నా కిటికీకి రెండడుగుల దూరంలో ఆగింది. నేను ఊపిరి బిగబట్టాను. తర్వాత తిరిగి వీధి దాటి ఆయన గడప మీద వంగి, పసిబిడ్డను పడుకోబెట్టినట్టు బొమ్మను పెట్టి వెళ్లిపోయింది.

చాలాసేపటికి ఫోనులో మెసేజ్ వచ్చింది. "సందులోంచి నా కండ్లలోకే చూసింది మేడం. కానీ నన్ను చూడల్యా."

సాయంత్రానికి ఆయనకు జ్వరం కాచింది. మాట తడబడుతోందని పక్కింటివాళ్లు చెప్పారు. పిల్లలకు సైన్సు చెప్పేదాన్ని, పరుగున పోయి అవ్వ కాళ్ల దగ్గర కూర్చున్నాను. "అవ్వా, ఆయన మీద పెట్టింది తీసెయ్. నీకు పుణ్యముంటాది," అన్నాను. నా నోట మా అమ్మ యాస వచ్చింది.

అవ్వ నా ముఖంలోకి చూసి, "ఆ పిల్లోడంటే నీకు అంత ఉండాదా?" అంది. తర్వాత లేచి ఉల్లిపాయ దంచింది. "రేకుల ఇంట్లో కిటికీ మూసుకుని పొద్దంతా కూసుంటే ఎండదెబ్బ తగలక ఏమైతాది? ఇది అరికాళ్లకు రుద్దు. ఆస్పత్రికి తీస్కపోయి సెలైను పెట్టిచ్చు."

సెలైను పెట్టించాను. తెల్లవారేసరికి జ్వరం దిగింది. మేం చూసింది చెబితే అవ్వ కాస్తయినా ఆశ్చర్యపోలేదు. ఆమెకు మొదటి నుంచీ అంతా తెలుసని అప్పుడు బయటపడింది.

"చెప్పి ఉంటే నీమీద రాళ్లు పడేవి కాదు కదవ్వా?"

"నా మీద పడితే ఏరుకుంటా. ఆ పిల్ల మీద పడితే వీదిలో బతకగలదా? మొగుడు మంచాన ఉండాడు."

అవ్వా నేనూ వంటామె ఇంటికి వెళ్లాం. భర్త గోడకు చేరగిలబడి కూర్చుని ఉన్నాడు. పడుకుంటే ఊపిరాడదట. ఒక్కో ఊపిరికీ గులకరాళ్లు రాసుకున్నట్టు చప్పుడు వస్తోంది. ఆమె మమ్మల్ని చూడగానే కూలబడింది.

"నేను ఎవురికీ చెడుపు చేయల్యా అవ్వా. ఈయన దగ్గినప్పుడు పడింది పొడిలో కలిపి పెట్టినా. గట్టిగుండే మగోళ్లుండే ఇండ్లు చూసి పెట్టినా. తలా రవ్వంత పంచుకుంటే తగ్గుతాదని. అంతా ఒగరి మీదనే ఏంటికి అవ్వా?"

అవ్వ ఆమె తల ఒళ్లోకి తీసుకుని జుట్టు ముడివేసింది.

మరుసటి రోజు కొళాయి దగ్గర అందరూ వింటుండగా అవ్వ చెప్పేసింది. "బొమ్మలు నేనే పెట్టినా. వీదికి కాపుగా పెట్టినా. పని అయిపాయ, ఇంగ పెట్టను." తిట్టినవాళ్లు తిట్టారు. కొందరు మళ్లీ ఆ పెరటి తలుపు తట్టలేదు. పసరు పోయించుకునే పిల్లలు రావడం మానేశాక అవ్వ తన మొక్కలతోనే మాట్లాడుకునేది. అది చూసి నేను చాలాసార్లు నిజం చెప్పేద్దామనుకున్నాను. కానీ చెప్పనని ఆమె నాచేత ఒట్టు పెట్టించుకుంది.

ఎదురింటాయనా నేనూ కలిసి రోగిని కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకెళ్లాం. డాక్టరు ఎక్స్‌రే వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే ఊపిరితిత్తుల నిండా తెల్లటి చుక్కలు. రాతిపొడి. పోదు అన్నాడు డాక్టరు. మందులతో రెండు వానాకాలాలు గడిచాయి, తర్వాత వంటామె భర్త పోయాడు. అప్పటికి మొదటి రెండు బొమ్మలు దొరికిన ఇళ్లలో కూడా మగవాళ్లకు దగ్గు పట్టుకుంది. వాళ్లదీ అదే పొడి, అదే పని. కారణం నాకు తెలుసు. అయినా ఆ ఇళ్ల ముందు నుంచి పోయేటప్పుడు తలొంచుకుని త్వరగా నడిచేదాన్ని.

ఈలోగా ఎదురింటాయనా నేనూ పెళ్లి చేసుకున్నాం. కులం వేరని మా నాన్న ఏడాది మాట్లాడలేదు.

భర్త పోయాక వంటామె పుట్టింటి మగ్గం దగ్గరికి వెళ్లిపోయింది. రైలెక్కించడానికి మేమిద్దరం స్టేషనుకు వెళ్లాం. బండి కదిలే ముందు ఆమె కిటికీలోంచి మా ఆయన వైపు చూసింది. అన్నాళ్లుగా ఆయన ముఖం చూసి మాట్లాడింది లేదు.

"నీకేం కాల్యా కదప్పా?"

"ఏం కాలేదక్కా. బాగుండా."

ఆమె ఇంకా చూస్తూనే ఉంది. ఆయన గుండెనిండా ఊపిరి పీల్చి, వదిలి చూపించాడు. అప్పుడు చేతుల్లో ముఖం పెట్టుకుని ఏడ్చింది. బండి కదిలింది.