ఎస్తేరమ్మ ముందు ఆగని పళ్లెం

ఆదివారం ఉదయం 11.20కి, బోధన్ నుంచి మోస్రా వెళ్లే దారిలోని ఒక చిన్న ప్రార్థన మందిరంలో, క్రీస్తు శరీరానికి గుర్తుగా పంచే ప్రభువు బల్ల రొట్టె ఉన్న పళ్లెం ఎస్తేరమ్మ ముందు ఆగకుండా పక్కామె దగ్గరికి వెళ్లింది. చాచిన చేతులను ఆమె కాసేపటికి కొంగులో దాచుకుంది.

ఎస్తేరమ్మ బీడీలు చుడుతుంది. నిజామాబాద్‌లో బీడీ కార్మికుల మీద నేను పత్రికకు కథనం రాసినప్పుడు పరిచయం. తర్వాత సొంతూరికి వెళ్లిపోయింది. "మా మందిరానికి కొత్త రేకులేసినం తమ్మీ, ఒకపారి వచ్చి సూసిపో" అని ఫోన్ చేస్తే బయలుదేరాను.

నిజామాబాద్ బస్టాండులో ఏడున్నరకు బోధన్ బస్సు ఎక్కాను. టికెట్ యాభై రూపాయలు, ప్రయాణం సుమారు గంట. బోధన్‌లో చాయ్ తాగి మోస్రా వైపు షేర్ ఆటో పట్టుకున్నాను. దారికి రెండు పక్కలా నిజాంసాగర్ కాలువ నీటితో పండే వరి, నడుమ చెరుకు. డ్రైవరు నా భుజాన ఉన్న సంచి చూసి నమస్తే పెట్టి, "కెనాల్ సారా? నీళ్లెప్పుడు ఇడుస్తరు?" అని అడిగాడు. చర్చికి వెళ్తున్నానని చెబితే, "సంచి సూసి ఆఫీసరనుకున్న. నమస్తే ఉత్తగ పోయింది" అని నవ్వి ముప్పై రూపాయలు తీసుకున్నాడు.

ఆరాధన పదింటికి మొదలైంది. ఎడమ పక్క చాపల మీద ఆడవాళ్లు, కుడి పక్క మగవాళ్లు. గోడకు ఒక వంతుల పట్టీ అంటించి ఉంది. బల్ల రోజున రొట్టె బజారులో కొనరు. వారానికొక ఇంట్లో పులియని పిండితో కాల్చి తెస్తారు. వచ్చే ఆదివారం ఎదురుగా ఎస్తేరమ్మ పేరుంది. మనిషిని పైరూపం చూసి తూచకూడదన్నది పాస్టరు గారి ఆనాటి ప్రసంగం. అది ముగిశాక సంఘ పెద్ద దానియేలు పళ్లెం అందుకున్నాడు. చెరుకు రైతు, అరవై దాటిన మనిషి. రెండు నెలల కిందటే పెద్దగా ఎన్నుకున్నారు. ఆడవాళ్ల వైపు పళ్లెం పట్టడం ఆయనకు ఇదే మొదటిసారి. ఎస్తేరమ్మ ముందు వంగాడు, ముఖం తిప్పుకున్నాడు, ముందుకు కదిలాడు. నోట్‌బుక్‌లో 'కఠినుడు' అని రాసుకున్నాను.

ఆరాధన అయ్యాక బయట నల్లా దగ్గర చేతులు కడుక్కుంటున్న ఆయన్ను ఆమె ఆపింది.

"ఏందన్నా, గిదేం పద్ధతి?"

"పొగాకు అలవాటున్నోళ్లకు బల్ల లేదని మన నియమం గదా ఎస్తేరమ్మా. నీ చేతులు వాసనొస్తున్నయి."

"నాకేడిది అలవాటు? గది నా పని. నిమ్మకాయ వెట్టి రుద్దిన, సబ్బు వెట్టి రుద్దిన. ఇంక తోలు ఒలుసుకోవాల్నా?"

చెప్పులు వేసుకుంటున్న ఆడవాళ్లు నవ్వారు.

"నీ చెరుకు బెల్లమైతది. గా బెల్లం గుడుంబ సార కాసే బట్టీకి పోతే, నీ చేతులు ఎవలన్న వాసన సూసిండ్రా?"

ఈసారి ఎవరూ నవ్వలేదు.

"వచ్చే వారం రొట్టె వంతు నాది. గోడ మీద పేరు గూడ కొట్టేస్తవా? ఇప్పుడే చెప్పు. కొట్టేస్తే నేను మల్ల గీ గడప తొక్క."

దానియేలు నల్లా కట్టేశాడు. తడి చేతులు తువ్వాలుకు తుడుచుకున్నాడు.

"మా తమ్ముడు పొగాకు నమిలి నోటి క్యాన్సర్‌తోని పోయిండు. ఆర్నెల్లు నేనే పక్కన ఉన్న. గా వాసనొస్తే నాకు వాడే కండ్ల ముంగట వడ్తడు. నియమం అన్న గని, నియమం కాదు."

"గది ముందుగాల చెప్పద్దా? అందరి ముంగట నన్ను చుట్ట తాగేదాన్ని జేస్తివి."

"తప్పైంది చెల్లె."

"తప్పు సంగతి తర్వాత. పేరు ఉంటదా, ఉండదా?"

"ఉంటది."

"నా చేతి రొట్టె నువ్వు తింటవా?"

ఆయన తువ్వాలు భుజాన వేసుకుని ఆమె చేతుల వైపు చూశాడు.

"తింట" అన్నాడు.

తిరుగు ఆటోలో నోట్‌బుక్ తీసి ఆ ఒక్క మాట కొట్టేశాను. దాని స్థానంలో ఏమీ రాయలేదు. ప్రసంగం విన్న పావుగంటలోనే ఆయన ఆమె వేళ్ల దగ్గర ఆగిపోయాడు, నేను ఆయన ముఖం దగ్గర ఆగిపోయాను. హృదయాన్ని నేరుగా చూడటం దేవుడికే సాధ్యమని వీళ్ల విశ్వాసం. మనుషులకు మిగిలింది అడిగి తెలుసుకోవడం. అడగడం నా వృత్తి. ఆ రోజు అడిగింది మాత్రం ఎస్తేరమ్మ.

ఈ దారిన వెళ్లేవారికి ఒక సూచన: ఆదివారం మధ్యాహ్నం షేర్ ఆటోలు నిండితే గాని కదలవు. రెండింటిలోపు రోడ్డు మీదికి వస్తే చీకటి పడకముందే నిజామాబాద్ చేరవచ్చు.

వచ్చే ఆదివారం ఆరాధన పదింటికే. రొట్టె ఎస్తేరమ్మ ఇంటి నుంచి వస్తుంది. పళ్లెం పట్టేది దానియేలు.