కోసే నాలుకకు దొరికిన ఉప్పు

ఇనుప గనుల కిరందుల్ టౌన్‌షిప్పులో ఎవరికి ఏ ఆకు దొరికినా నా దగ్గరికి రారు, కూరలమ్మే కోసే దగ్గరికి పోతారు. ఇరవై ఏళ్లుగా నాకిదే కడుపుమంట. భీమిలి కాన్వెంటులో మొక్కల పాఠానికి తొంభై మార్కులు తెచ్చుకున్నవాణ్ణి నేను. పంటినొప్పితో ఏడుస్తున్న ఎలుగుబంటికి ఆకు నమిలించి నయం చేసినవాణ్ణి కూడా. కోసే బడి మెట్లు ఎక్కలేదు. అడవిలోని కిష్టారం నుంచి పెళ్లై వచ్చింది. మొగుడు పోయాక అడవి కూరలు అమ్మి ఇద్దరు పిల్లల్ని సాకింది. ఆకును నలిపి వాసన చూస్తుంది, నాలుక చివర ఆనించి ఉమ్ముతుంది, నోరు కడుక్కున్నాకే పేరు చెబుతుంది. తెలియకపోతే తెలియదనే అంటుంది. అందుకే జనానికి మరీ గురి.

మొన్న నా మనవరాలు స్రవంతి ఒక చిన్న మొక్క తెచ్చింది. మందపాటి ఆకులు, చుక్కలాంటి గులాబీ పువ్వు. దాన్ని ఎండబెట్టి, అట్టకు అతికించి కాలేజీకి ఇవ్వాలట. అట్ట మీద ‘గుర్తించినవారు’ అని ఒక గీత ఉంది. అక్కడ నా పేరు పడాలని నా ఆశ.

“గంగబాయిలి కూర. రాసెయ్,” అన్నాను.

“దానికి పసుపు పువ్వు కదా తాతయ్యా?”

“ఎండకి రంగు తిరిగింది. ఒక ఏడాది మన మందారం నీలంగా పూయలేదూ?”

పిల్ల నమ్మలేదు. అప్పుడే కూరల గంపతో వాకిట్లోకి వచ్చిన కోసేకి చూపించింది. కోసే ఆకు నలిపింది, నాలుకకు ఆనించింది. ఈసారి ఉమ్మలేదు.

“ఉప్పగుంది! మా జంగల్‌ల ఉప్పటి ఆకు లేదు బిడ్డా. యాడ దొరికింది?”

“రైలు పట్టాల పక్కన, విశాఖ నుంచి ఖాళీ వ్యాగన్లు వచ్చి ఆగేచోట.”

“అయితే బండెక్కి వచ్చింది. ఆడ సముందర్ ఉంటదంట గదా, దాని ఒడ్డుది ఇది.”

స్రవంతి ఫోనులో సముద్రతీరపు మొక్కలు వెతికింది. అదే ఆకు, అదే పువ్వు. వంగరెడ్డి కూర. ఆ ఫోనులోని ఫొటో తీసింది మా భీమిలి ఇసుకలోనట. చిన్నప్పుడు రోజూ దాన్ని తొక్కుకుంటూ బడికి పరిగెత్తింది నేను. జాడ పట్టింది సముద్రం మొహమైనా చూడని మనిషి.

“నేనూ అదే అనబోయాను,” అన్నాను.

“మరి నాలుక పడిపోయిందా తాతా?” అంది కోసే.

స్రవంతి గీత మీద కోసే పేరు రాసి, మొక్కను నొక్కి ఎండబెట్టే పాత పేపర్ల కోసం లోపలికి వెళ్లింది. కోసే అట్టను అటూ ఇటూ తిప్పి నాకందించింది.

“ఏం రాసింది తాతా?”

ఇదే అదననుకున్నాను. “నా పేరు.”

కోసే అట్ట వైపు మళ్లీ చూడనే లేదు.

“నీ పేరే అయితే, మొహం ఎందుకట్ల మాడిపోయింది?”